హంతకుని చూపు: చలనచిత్రాలలో వాస్తవికత, వివాదం

కావ్యానికైనా, నాటకానికైనా, చలనచిత్రానికైనా వస్తువు కాదగనిది లోకంలో ఏదీ లేదని మన ఆలంకారికులు ఏనాడో అంగీకరించారు. రామాయణం రాముని కథే అయినా రావణుని అంతఃపురంలోకి మనలను తీసుకొనిపోకుండా ముందుకు సాగదు. అయినప్పటికీ ఒక హంతకుడు, అందులోనూ ఒకరి తరువాత ఒకరిని వరుసగా చంపుకుంటూ పోయేవాడు, కథానాయకుని స్థానంలో నిలిచి తన కంటితోనే లోకాన్ని చూడమని కోరితే మనస్సు జంకుతుంది. ఆ జంకు సహజమైనదే, అవసరమైనది కూడా. అయితే జంకినంత మాత్రాన ఆలోచన మానుకోవలసిన పనిలేదు. ఆ ఆలోచనను మన విద్యార్థినీ విద్యార్థుల ముందు, కళాశాల సంఘం పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గత విద్యా సంవత్సరంలో మన తెలుగు విభాగం పక్షాన ‘చలనచిత్రాలలో వాస్తవికత’ అనే అంశంపై చర్చాగోష్ఠి జరిగిన సంగతి పాఠకులకు తెలుసు. ఆ సందర్భంలో ‘ఎర్ర గులాబీలు’ చిత్రాన్ని ప్రదర్శించి, ఆ తరువాత చర్చించాలని కొందరు విద్యార్థులు కోరారు. ఇటువంటి చిత్రం విద్యాలయంలో తగదని పెద్దలు అభిప్రాయపడ్డారు. చిత్రం లేకుండానే చర్చ జరిగింది. కాని విచిత్రమేమంటే, చర్చలో పాల్గొన్నవారిలో చాలామంది ఆ చిత్రాన్ని సెల్‌ఫోన్‌లో అప్పటికే చూసి వచ్చారు. రాజోలు నుండీ, కొత్తపేట నుండీ వచ్చే బస్సులలో కూర్చుని చూసినవారూ ఉన్నారు. మనం మూసిన తలుపు గోడ లేని ఇంటి తలుపు అయిందని నాకు ఆనాడే తోచింది.

హత్యను కథగా చెప్పడానికి ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది అన్వేషణ మార్గం. ఇందులో హంతకుడు ఎవరో ప్రేక్షకునికి తెలియదు. మన గోదావరి సీమకు చెందిన దర్శకుడు వంశీ 1985లో తీసిన ‘అన్వేషణ’ ఇందుకు మంచి ఉదాహరణ. అడవిలో జరుగుతున్న చావులకు పులి కారణమని అందరూ నమ్ముతుండగా, దాని వెనుక ఉన్న మనిషిని చివరి వరకు దాచి ఉంచడంలోనే ఆ కథ బిగువు ఉంది. అక్కడ ప్రేక్షకుడు సత్యాన్ని వెదికేవాని పక్షాన ఉంటాడు. రెండవది అంతరంగ మార్గం. ఇందులో హంతకుడెవరో మనకు ముందే తెలుసు. ‘ఎవరు’ అనే ప్రశ్న పోయి ‘ఎందుకు’ అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నతోబాటు ప్రేక్షకుడు తనకు తెలియకుండానే హంతకుని పక్కకు చేరుతాడు. అతడు ఎక్కడ దొరికిపోతాడోనని అతనితోబాటు తానూ ఊపిరి బిగబట్టుకుంటాడు. వివాదం పుట్టేది ఇక్కడే.

తెలుగు ప్రేక్షకునికి ఈ రెండవ మార్గం బాగా పరిచయమైనది ‘ఎర్ర గులాబీలు’తోనే. ‘పదినారు వయదినిలే’ వంటి పల్లెటూరి కథతో 1977లో పేరు తెచ్చుకున్న భారతీరాజా, ఆ మరుసటి సంవత్సరమే దానికి పూర్తిగా భిన్నమైన ‘సిగప్పు రోజాక్కళ్’ను తమిళంలో తీశారు. కమల్ హాసన్, శ్రీదేవి నటించగా ఇళయరాజా సంగీతం సమకూర్చిన ఆ చిత్రం 1979లో తెలుగువారి ముందుకు ‘ఎర్ర గులాబీలు’గా వచ్చింది. 1980లో రాజేశ్ ఖన్నా కథానాయకుడుగా హిందీలో ‘రెడ్ రోజ్’గా మళ్లీ తీశారు. విద్యాధికుడు, సంపన్నుడు, అందగాడు అయిన ఒక యువకుడు ఆడపిల్లలను ఆకర్షించి చంపుతాడు. ఆ దారుణాన్ని చిత్రీకరించి ఇంట్లోని పెంపుడు తండ్రికి చూపిస్తాడు. శవాలను తోటలో పూడ్చిన చోట గులాబీలు పూస్తాయి. శిల్పం దృష్ట్యా ఆ రోజులకు అది సాహసోపేతమైన చిత్రమనడంలో సందేహం లేదు. ఆ నిశ్శబ్దాలను, ఆ సంగీతాన్ని మన తల్లిదండ్రుల తరంవారు నేటికీ తలచుకుంటారు.

కాని శిల్పం వేరు, సత్యం వేరు. ఆ యువకుడు హంతకుడెందుకయ్యాడు? చిత్రం చెప్పిన సమాధానం ఇది: అనాథగా ఒక ఇంటిలో చేరిన బాలునిపై ఆ ఇంటి ఆడపిల్ల నింద మోపింది. తరువాత అతనిని చేరదీసిన పెద్దమనిషికి భార్య ద్రోహం చేసింది. కనుక ఆ ఇద్దరికీ స్త్రీజాతి మొత్తం మీద ద్వేషం కలిగింది. ఇది ఒక రోగి మనస్సులోని తర్కమని చిత్రం చెప్పి ఉంటే పేచీ లేదు. కాని చిత్రం ఆ తర్కానికి సాక్ష్యం కూడా తానే సమకూర్చింది. వెనుకటి కథలోని ఆ ఇద్దరు స్త్రీలనూ నిజంగానే దోషులుగా చూపింది. వలలో పడే యువతులను కూడా చనువుగా మెలగేవారిగా, సులభంగా లొంగేవారిగా చిత్రించింది. చివరకు జైలులో మతి చెడిన స్థితిలో ఉన్న హంతకునిపై మనకు జాలి పుట్టిస్తుంది. తోటలోని వారిపై జాలిపడటానికి మాత్రం వ్యవధి ఇవ్వదు.

ఈ ధోరణి ఆ ఒక్క చిత్రంతో ఆగలేదు. 2020 సెప్టెంబరు 5న థియేటర్లు మూతబడి ఉన్న కాలంలో నేరుగా ఇళ్లకు వచ్చిన ఇంద్రగంటి మోహనకృష్ణ చిత్రం ‘వి’లో నాని హంతకుని పాత్ర ధరించారు. పోలీసు అధికారికి సవాలు విసురుతూ హత్యలు చేసే ఆ పాత్ర ఎంత క్రూరంగా ప్రారంభమైనా, కథ సగం దాటేసరికి అది ప్రియమైనవారి మరణానికి ప్రతీకారమని తేలుతుంది. హంతకుడు నాయకుడవుతాడు, చనిపోయినవారు చావదగినవారవుతారు. మన ప్రేక్షకుడు ఇష్టపడే కథానాయకుడు కారణం లేకుండా చంపడు. కనుక కారణాన్ని తయారుచేసి పెట్టాలి. ఇది వ్యాపార ధర్మం కావచ్చు, దీనికి వాస్తవికత అని పేరు పెట్టడం మాత్రం సరికాదు.

మన గోష్ఠిలో రెండు గంటల సేపు వాదం సాగింది. ఇటువంటి చిత్రాలు యువతను చెడగొడతాయని ఒక పక్షం, కళాకారుని స్వేచ్ఛకు ఎల్లలు లేవని మరొక పక్షం గట్టిగా మాట్లాడాయి. ఆ యువకుని బాల్యం గురించి, మనస్తత్వం గురించి ఎందరో చక్కగా విశ్లేషించారు. చివరకు వెనుక వరుసలోని ఒక విద్యార్థిని లేచి, “మాస్టారండీ, ఇంతసేపూ ఆయన చిన్నతనం గురించే మాట్లాడుకున్నామండీ. ఆ తోటలో పూడ్చిపెట్టిన ఆడపిల్లల్లో ఒక్కరి చిన్నతనమైనా మనకు తెలుసాండీ?” అని అడిగింది. సభ నిశ్శబ్దమైంది. అధ్యక్షస్థానంలో ఉన్న నా వద్ద కూడా సమాధానం లేదు. ఈ వ్యాసం ఒకవిధంగా ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న సమాధానమే.

వాస్తవమైన హంతకుడు ఎట్లా ఉంటాడో తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు పోనవసరం లేదు. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు వెల్లడించిన ఉదంతాన్ని గోదావరి జిల్లాలవారు ఇంకా మరచిపోలేదు. 2018 నుండి దాదాపు 20 నెలల కాలంలో కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలలోనూ, అప్పటికి మన కోనసీమ కూడా అంతర్భాగంగా ఉన్న తూర్పు గోదావరి జిల్లాలోనూ 10 మందిని సైనైడ్ కలిపిన ప్రసాదంతో చంపాడనే అభియోగంపై ఒక వ్యక్తిని అరెస్టు చేసినట్లు వారు ప్రకటించారు. గుప్తనిధులు చూపిస్తానని, రైస్ పుల్లింగ్ నాణెం ఇప్పిస్తానని, బంగారం రెట్టింపు చేయిస్తానని నమ్మించి, నగదూ నగలూ తెప్పించుకొని, ప్రసాదమని చేతిలో పెట్టడం ఆ పద్ధతి అని వారు వివరించారు. కొన్ని మరణాలను బంధువులు సహజ మరణాలుగానే భావించారు. ఏలూరులో ఒక వ్యాయామోపాధ్యాయుడు మరణించినప్పుడు ఆయన వెంట ఉండవలసిన డబ్బు, బంగారం కనిపించక కుటుంబం అనుమానించడంతో విషయం బయటపడింది. దోషనిర్ణయం న్యాయస్థానం చేయవలసిన పని. ఇక్కడ మనకు కావలసినది పోలీసులు చెప్పిన ఆ తీరు మాత్రమే.

అందులో విశాలమైన భవంతి లేదు, గులాబీ తోట లేదు, గగుర్పొడిచే సంగీతం లేదు. బాల్యంలో తగిలిన గాయం గురించి పోలీసులు చెప్పలేదు. వారు చెప్పినది డబ్బు మీద ఆశ మాత్రమే. పక్క వీధిలో మనతో మాట్లాడుతూ తిరిగే సామాన్యుడు, రెండు చేతులూ చాపి భక్తితో ప్రసాదం అందుకున్న మరొక సామాన్యుడు, వారిద్దరి మధ్య ఉన్న నమ్మకం, ఇవే అక్కడి వాస్తవాలు. ఈ కథను ఎవరైనా చిత్రంగా తీయదలచుకుంటే చంపినవాని తెలివితేటలు చూపడం సులభమే. ఆ చేతులు చాపినవానికి అంత బంగారం కావలసిన అవసరం ఏమి వచ్చిందో, ఆనాడు ఇంట్లో ఏమి చెప్పి బయలుదేరాడో చూపడమే కష్టం. ఆ కష్టం పడినప్పుడే అది వాస్తవిక చిత్రమవుతుంది.

అటువంటి కష్టం పడిన దర్శకులు లేకపోలేదు. జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 1931లోనే ‘ఎం’ అనే చిత్రం తీశారు. పసిపిల్లలను చంపే ఒకని కథ అది. ఆ చిత్రంలో తొలి హత్య మన కంటికి కనబడదు. ఒక తల్లి భోజనానికి బల్ల సర్ది, బడి నుండి రావలసిన కూతురి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. పేరు పెట్టి పిలుస్తుంది. ఖాళీ మెట్లు కనిపిస్తాయి, ఖాళీ పళ్లెం కనిపిస్తుంది. పొదల నుండి ఆ పిల్ల ఆడుకునే బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగిపోతుంది. అంతే. కథ చివర హంతకుని పాత్ర ధరించిన పీటర్ లోరీ, తనలోని ప్రేరణను తాను అణచుకోలేకపోతున్నానని ఆక్రోశించినప్పుడు మనం అతని మాట కూడా వింటాము. అయితే వింటున్నంతసేపూ ఆ ఖాళీ పళ్లెం మన మనస్సును వదలదు. చివరి మాట కూడా బిడ్డలను పోగొట్టుకున్న తల్లులదే.

బ్రిటన్‌లో మైకేల్ పావెల్ 1960లో తీసిన ‘పీపింగ్ టామ్’ మరొక రకమైన ఉదాహరణ. స్త్రీలను చంపుతూ వారి ముఖంలోని భయాన్ని కెమెరాతో చిత్రించే యువకుని కథ అది. ఇందులోనూ బాల్యం ఉంది. శాస్త్రజ్ఞుడైన తండ్రి భయాన్ని పరిశోధించడానికి కన్నకొడుకునే ప్రయోగ వస్తువుగా వాడుకున్నాడు. అయితే ఆ తండ్రి తప్పుకు చనిపోయిన స్త్రీలను బాధ్యులుగా చేయలేదు. పైగా, చీకటిలో కూర్చుని పరుల భయాన్ని చూసి ఆనందించే అలవాటు తెర మీది వానికేనా, తెర ముందున్న మనకు కూడా ఉందా అని ఆ చిత్రం ప్రశ్నించింది. ఆనాటి విమర్శకులు దానిని తీవ్రంగా నిందించారు. దానితో ఆ దర్శకుని ప్రతిష్ఠ ఆ దేశంలో దెబ్బతిన్నది. దశాబ్దాల తరువాత అదే చిత్రాన్ని ఉత్తమ చిత్రాలలో ఒకటిగా లెక్కించసాగారు. కనుక ఒక చిత్రంపై చెలరేగిన గగ్గోలు దాని మంచిచెడులకు కొలమానం కాజాలదు.

బాల్యాన్ని చెప్పడంలో దోషం లేదని దీనివలన తెలుస్తున్నది. కారణం చెప్పడం వేరు, సమర్థించడం వేరు. వైద్యుడు వ్యాధికి కారణం చెబుతాడు గాని వ్యాధిని మెచ్చుకోడు.

మన ఉర్దూ విభాగం విద్యార్థులకు చిరపరిచితుడైన సాదత్ హసన్ మంటో ఈ భేదాన్ని బాగా ఎరిగినవాడు. దేశ విభజన నాటి అల్లర్లలో హత్యలకు, దోపిడీకి పాల్పడిన ఒక మనిషి గురించి ఆయన వ్రాసిన ‘ఠండా గోష్త్’ కథపై లాహోరులో అశ్లీలత నేరం క్రింద విచారణ జరిగింది. ఆ కథలో హంతకుని నోటితోనే సంగతి అంతా వింటాము. కాని ఆ మనిషి తాను చేసిన పనిని గొప్పగా చెప్పుకోడు. అతని పాపం అతని దేహంలోనే గడ్డకట్టుకుపోయింది. పేరైనా తెలియని ఆ మృత బాలిక కథ ముగిసిన తరువాత కూడా పాఠకుని వెంట వస్తుంది. అశ్లీలమని ఆరోపించినవారు మాటలను లెక్కించారు, ఆ బాలికను చూడలేదు.

ఇక చట్టం మాట. మన దేశంలో 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం చిత్రాలను ముందుగా పరిశీలించి ధ్రువపత్రం ఇస్తారు. ఈ ముందస్తు పరిశీలననే ప్రశ్నిస్తూ ప్రముఖ ఉర్దూ రచయిత, దర్శకుడు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా వ్రాసిన తీర్పు పరిశీలన అధికారాన్ని సమర్థించింది. అయితే ఒక వస్తువు చిత్రంలో ఉండటమే అభ్యంతరకరం కాదని, దానిని నిర్వహించిన తీరును చూడాలని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది. 1996లో ‘బాండిట్ క్వీన్’ వివాదంలో కూడా ఒక దృశ్యాన్ని విడిగా కాక చిత్రాన్ని మొత్తంగా చూడాలని అదే న్యాయస్థానం చెప్పింది. న్యాయమూర్తులు చూపిన ఈ వివేకం మన చర్చలలో అరుదుగా కనిపిస్తుంది. మనం నెత్తురు ఎంత కారిందో కొలుస్తాము. ఎవరి నెత్తురో అడగము.

2021 నుండి ఇంటర్నెట్ ద్వారా ఇళ్లకు వచ్చే చిత్రాలకు కూడా వయోవర్గీకరణ నిబంధనలు ఏర్పడ్డాయి. 2023లో పాత చట్టాన్ని సవరించి 7, 13, 16 సంవత్సరాల వయోభేదాలను చేర్చారు. ఇవి ఉపయోగకరమైనవే. కాని పూర్వం థియేటరు గుమ్మం దగ్గర టిక్కెట్టు చింపే మనిషి నిలబడి ఉండేవాడు. దుప్పటి క్రింద వెలిగే సెల్‌ఫోన్ దగ్గర ఎవరు నిలబడగలరు? విద్యార్థి మనస్సులోని విచక్షణే అక్కడ కాపలా కాయాలి. ఆ విచక్షణను నేర్పే బాధ్యత మనది.

మన పెద్దల ఆందోళనను నేను తేలికగా కొట్టివేయడం లేదు. అనుకరణ భయం ఉన్నది. దానికంటె దగ్గరగా ఉన్న ఆపద మరొకటి ఉన్నది. అటువంటి చిత్రం చూసిన ఒక కుర్రవాడు అందులోని చూపును, నవ్వును వరండాలో సరదాగా అనుకరిస్తాడు. స్నేహితులు నవ్వుతారు. ఆ ప్రక్కనుండి పోతున్న ఆడపిల్లకు అది సరదా కాదు. సాయంకాలం కాలువ గట్టు వెంట, కొబ్బరి తోటల మధ్య ఒంటరిగా ఇంటికి నడచి వెళ్లవలసిన పిల్ల ఆమె. ఆ భయాన్ని కళాస్వేచ్ఛ పేరుతో త్రోసిపుచ్చే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ నవ్వును ఆపేది నిషేధం కాదు. నిషేధించిన తరువాత కూడా ఆ కుర్రవాడు నవ్వుతూనే ఉన్నాడు. మన గోష్ఠిలో ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్న వినబడినప్పుడు మాత్రం సభలో ఒక్కరూ నవ్వలేదు.

అందువలన కళాశాల సంఘం వారికి నా సవినయ మనవి ఇది. ఇటువంటి చిత్రాలలో కొన్నింటినైనా మన ప్రాంగణంలో, అధ్యాపకుల సమక్షంలో, చర్చతో కూడిన ప్రదర్శనగా అనుమతించండి. పెద్దలకు మాత్రమే అని ధ్రువపత్రం పొందిన చిత్రానికి 18 సంవత్సరాలు నిండినవారినే పిలుద్దాం. చూడటం ఇష్టం లేనివారిని బలవంతపెట్టవద్దు. అటువంటివారిని పిరికివారని ఎవరూ ఎగతాళి చేయకుండా చూద్దాం. ‘ఎర్ర గులాబీలు’ చూపిన మరునాడు ‘ఎం’ చూపుదాం. రెండింటికీ గల వ్యత్యాసాన్ని విద్యార్థులే చెబుతారు. ఒంటరిగా చూసినప్పుడు ఉద్వేగంగా మాత్రమే మిగిలేది నలుగురితో చూసి మాట్లాడుకున్నప్పుడు ఆలోచనగా మారుతుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! ఇకముందు ఏ హంతకుని కథ చూసినా మూడు ప్రశ్నలు వేసుకోండి. చిత్రం ఎవరి బాల్యాన్ని చెప్పింది, ఎవరి బాల్యాన్ని చెప్పకుండా విడిచింది? హత్యకు కారణం చెప్పిందా, లేక హత్యను న్యాయమని ఒప్పించజూసిందా? చిత్రం ముగిసిన తరువాత మనకు గుర్తున్నది చంపినవాని నేర్పా, చనిపోయినవారి లేమా? ఈ మూడింటికీ నిజాయితీగా సమాధానం చెప్పగలిగిన చిత్రం ఎంత భయంకరమైనదైనా మనలను చెడగొట్టదు. చెప్పలేని చిత్రం ఒక్క నెత్తుటి చుక్క చూపకపోయినా మనకు హాని చేస్తుంది.

కళాకారుడు హంతకుని కన్ను అరువు తెచ్చుకోవచ్చు. ఆ కన్నుతో మనకు కనిపించని చీకటిని చూపించవచ్చు కూడా. కాని మంచిచెడులను తూచేటప్పుడు హంతకుని త్రాసు వాడరాదు. ఆ త్రాసులో ఒక ప్రక్క అతని బాధ మాత్రమే ఉంటుంది, రెండవ ప్రక్క తట్ట ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ తట్టలో ఉండవలసినవారి గురించే ఆనాడు వెనుక వరుసలోని విద్యార్థిని అడిగింది. ఈ సంవత్సరం గోష్ఠిలో ఆమెకు మొదటి వరుసలో స్థానం ఉంటుందనీ, చర్చ ఆమె ప్రశ్నతోనే ప్రారంభమవుతుందనీ ఆశిస్తున్నాను.